పంతొమ్మిదో నంబరు సమాధి

శామ్సన్ తన పేరును సమాధుల రిజిస్టరులో చూసుకున్నది ఒక గురువారం ఉదయం, కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ తెలుగు చర్చి ఆఫీసు గదిలో.

అతను అక్కడికి వెళ్లింది బాప్తిస్మం సర్టిఫికెట్ కోసం. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చినా, ఊహ తెలిశాక ఏ ఊళ్లోనూ రెండేళ్లకు మించి ఉన్నవాడు కాదు. వంట పని వచ్చు. పూరీలో హోటల్లో చేశాడు, పారాదీప్‌లో కూలీల క్యాంటీన్‌లో చేశాడు, రాయగడలో పెళ్లిళ్లకు వండాడు. పని బాగా సాగుతుండగానే ఒకరోజు సంచి సర్దుకునేవాడు. ఎందుకు పోతున్నావని అడిగితే చెప్పడానికి కారణం ఉండేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. తండ్రి దయారత్నం రైల్వేలో ఫిట్టరు. శామ్సన్‌కు నాలుగేళ్లప్పుడు ఖరగ్‌పూర్‌లో పోయాడు. తల్లి తబితా మిషన్ హాస్టళ్లలో వంట చేస్తూ కొడుకును పెంచింది. ఖుర్దా రోడ్, వాల్తేరు, సామర్లకోట. ఒక ఊళ్లో స్నేహితుల పేర్లు నోటికి వచ్చేసరికి ఇంకో ఊరు. ఆమె కూడా పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు ఓడలో వంటవాడి పని దొరికేలా ఉంది. పాస్‌పోర్టు కావాలి, దానికి పుట్టిన తేదీకి ఏదో ఒక ఆధారం కావాలి. బడి కాగితాలు ఏ ఊళ్లో పోయాయో తెలియదు. ‘నీ బాప్తిస్మం ఖిదిర్‌పూర్ చర్చిలో’ అని తల్లి ఎప్పుడో అన్న మాట గుర్తుంది.

పాస్టరు ప్రవీణ్ కుమార్ ముప్పై ఏళ్లవాడు. అక్కడే పుట్టి పెరిగాడు. తెలుగులో ప్రసంగం చేస్తాడుగాని చదవడం కష్టం. చేతిరాత అయితే మరీను. పాత రిజిస్టర్లు రెండు బల్ల మీద పెట్టి, “బ్రదర్, మీరే వెతుక్కోండి. నేను వెతికితే సాయంత్రమవుతుంది” అన్నాడు.

బాప్తిస్మం తొందరగానే దొరికింది. శామ్సన్, తండ్రి దయారత్నం, తల్లి తబితా, గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్సు. పుట్టినది 11 అక్టోబరు 1985. సాక్షి కెరోలిన్. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంచున మాత్రం ఎర్ర సిరాతో ‘స. 19’ అని ఉంది.

“ఇదేంటి పాస్టర్ గారూ?”

పాస్టరు తొంగి చూశాడు. “స అంటే సమాధి. పోయినవాళ్లకి అలా రాస్తారు.” అని, తన మాట తనకే తేడాగా తోచి ఆగిపోయాడు.

శామ్సన్ రెండో రిజిస్టరు తీశాడు. పంతొమ్మిదో నంబరు. శామ్సన్, తండ్రి దయారత్నం, తల్లి తబితా. వయసు ఏడాది ఐదు నెలలు. కారణం కంఠసర్పి. 14 మార్చి 1987.

“మీ అన్నయ్యా?” అన్నాడు పాస్టరు మెల్లగా.

“నాకు అన్నయ్య లేడు. ఉన్నా ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉండవు కదా.”

పాస్టరు కుర్చీ వెనక్కి జరిపి కొంచెంసేపు అతన్నే చూశాడు. “అచ్ఛా, ఒక మాట చెప్పాలి. ఈ పేజీ కోసం పోయిన నెల కూడా ఒకరు వచ్చారు. ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. పేరు అడిగితే చెప్పలేదు. పేజీని ఫోనులో ఫొటో తీసుకుంది. సమాధి ఎక్కడని అడిగితే నేనే దారి చెప్పాను.”

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వాళ్ల ఏడాదిన్నర బిడ్డ సమాధి కోసం, ముప్పై ఏడేళ్లు గడిచాక, ఎవరు వస్తారు? శామ్సన్‌కు భయం వేయలేదు. తన గురించి ఇంత వింతగా అనిపించడం మాత్రం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ అతను తన గురించి ఎవరినీ ఏమీ అడిగినవాడు కాదు. సర్టిఫికెట్ మాట మరిచిపోయి దారి అడిగాడు.

సమాధుల తోట పెద్దది కాదు. కాపలా ముసలాయన బెంగాలీ. శామ్సన్ “దాదా, ఉన్నీశ్ నంబర్” అనగానే గోడవారకు తీసుకెళ్లాడు. రాయి లేదు. మట్టిదిబ్బ మీద తుప్పు పట్టిన ఇనుప రేకు, దాని మీద అంకె. రేకు ముందు గాజు సీసాలో రజనీగంధ కాడలు. పైమొగ్గలు ఇంకా విచ్చుకోలేదు. అవి ఈ వారం పూలే.

ముసలాయన తన భాషలో చెప్పుకుంటూ పోయాడు. ఒక దీదీ ప్రతి శనివారం ఉదయం వస్తుంది. పూలు మారుస్తుంది. గంటసేపు కూర్చుని వెళుతుంది. ఎవరితోనూ మాట్లాడదు. బెంగాలీ మనిషి కాదు, మీలాగే మద్రాజీ.

శనివారానికి ఇంకా రెండు రోజులుంది. ఈలోగా కెరోలిన్‌ను వెతకాలి.

వెతకడం కష్టం కాలేదు. పాస్టరుకు తెలుసు. కెరోలిన్ పదవీ విరమణ చేసిన ఆస్పత్రి ఆయా, డెబ్భై నాలుగేళ్ల మనిషి. గార్డెన్ రీచ్‌లో ఒక దర్జీ కొట్టు మీద గదిలో ఒంటరిగా ఉంటోంది. శుక్రవారం మధ్యాహ్నం శామ్సన్ తలుపు తట్టాడు.

“వందనాలు ఆంటీ. నేను శామ్సన్‌ని.”

“ఏ శామ్సన్?” అంది ఆమె.

“తబితా కొడుకుని.”

ఆమె గడప దాటి వచ్చి మెట్ల కిందికి చూసింది. ఎవరూ లేరని తేల్చుకున్నాక అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టింది.

“నిన్నెవరు పంపినారు?”

“ఎవరూ పంపలేదు. పంతొమ్మిదో నంబరు సమాధి చూసి వచ్చాను.”

కెరోలిన్ మంచం మీద కూర్చుండిపోయింది. కాసేపు దుప్పటి అంచు సవరించుకుంటూ ఉంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది. “తబితా ఏటి సెప్పినాది నీకు?”

“ఏమీ చెప్పలేదు. పోయింది.”

“పోనాదా?” ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన అయ్యాక అంది. “అయితే ఇంక నాను దాయడానికేటీ నేదు. ఆ సమాధిలో ఉన్నోడు తబితా కన్న బిడ్డ. నువ్వు కాదు.”

శామ్సన్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు, అతనికీ తోచలేదు.

అప్పట్లో దయారత్నం క్వార్టరు వెనక గదిలో గవరయ్య అనే అతను అద్దెకుండేవాడని ఆమె చెప్పింది. టెక్కలి నుంచి వచ్చి డాక్‌లో సరుకు దించే పని చేసేవాడు. ఒక కూతురు, తర్వాత ఒక కొడుకు. కొడుకు పుట్టిన రోజే భార్య చనిపోయింది. గవరయ్య పనికి వెళ్లినప్పుడు పిల్లలిద్దరినీ తబితాయే చూసుకునేది. గవరయ్య కొడుకు పుట్టిన తొమ్మిది నెలలకు ఆమె సొంత బిడ్డ కంఠసర్పితో పోయాడు.

“అదే ఏడాది వానల్లో డాక్‌లో ఒక మనిషిని సంపేసినారు. కూలీల్ని కుదిర్సే సర్దార్ ఉండీవోడు. ఆడి మాట కాదన్న మనిషిని ఓడ అడుగున గోతాల మీదకి పైనుంచి తోసేసి, జారి పడ్డాడన్నారు. సూసినోళ్లు పది మంది. నోరిప్పుతానన్నోడు గవరయ్య ఒక్కడే.”

“తర్వాత?”

“తరవాతేటి? ఒక మద్దేనం ఉయ్యాల్లో బిడ్డ నేడు. మేవంతా ఎతికినాం. పొద్దోయేలకి డాక్ వంతెన మీద సేపల బుట్టలో దొరికినాడు. నిద్దరపోతన్నాడు. ఒంటి మీద గీటు నేదు. అదే కబురు బాబూ. ఈసారి ఇలాగ దొరకడని.”

“ఆ బిడ్డ...”

“నువ్వే.”

ఆ వారమే గవరయ్య కూతుర్ని, పురుడు నాటి నుంచీ వస్తూ పోతూ ఉన్న తన అక్కతో టెక్కలి పంపేశాడు. పిల్లాణ్ని కూడా అదే బండిలో పంపితే స్టేషనులో పట్టుకుంటారని భయం. దయారత్నానికి అప్పటికే ఖరగ్‌పూర్ బదిలీ ఆర్డరు చేతిలో ఉంది. అతని రైల్వే పాసులో భార్య పేరు, కొడుకు శామ్సన్ పేరు ఉన్నాయి. బిడ్డ పోయాక పాసు దిద్దించడానికి అతనికి మనసొప్పలేదు. అందుకని తబితా గవరయ్య కొడుకును ఒళ్లో పెట్టుకుని, ఆ పాసు మీదే, సర్దార్ మనుషుల ముందు నుంచే రైలెక్కింది.

“కేసు తేలేదాకా అని మాట. ఏడాదో, రెండేళ్లో.”

“తేలిందా?”

“తొంభైలో తేలింది. గవరయ్య సెప్పిన సాచ్చికం మీదే సర్దార్‌కి శిచ్చ పడింది. నాను తబితాకి ఉత్తరం రాసినాను. బయం నేదు, ఆయన బిడ్డ కోసం ఎదురు సూస్తన్నాడు, తీసుకు రా అని. అప్పటికి మీ అయ్య పోయి నాలుగు నెల్లు.”

ఆమె లేచి ట్రంకు పెట్టెలోంచి ఒక ఇన్‌ల్యాండ్ కవరు తెచ్చింది. తల్లి రాత శామ్సన్ వెంటనే పోల్చుకున్నాడు. లోపల రెండే ముక్కలు. ‘అక్కా, శామ్సన్ బాగున్నాడు. ఇంక నాకు రాయకు.’

“నాను ఇది గవరయ్యకి సూపించినాను. ఆ రేత్రే ఖరగ్‌పూర్ ఎల్లినాడు. తబితా ఇల్లు కాళీ సేసి మూడు రోజులైంది.” కెరోలిన్ గొంతు తగ్గించింది. “మీ అమ్మ సర్దార్‌కి బయపడి ఊళ్లు మారినాదని నువ్వనుకోకు. గవరయ్యకి బయపడి మారినాది.”

శామ్సన్ ఆ కాగితాన్ని మడతల మీదే జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చేశాడు. ఇరవై ఊళ్లు తిరిగాడు. ప్రతి ఊళ్లోనూ తల్లి కొత్త ఇంట్లో మొదటగా చేసే పని కిటికీకి తెర కట్టడం. దుమ్ము పడుతుందని అనేది. అతను నమ్మేవాడు.

“ఆ సమాధికి ఒకావిడ పూలు తెస్తోంది ఆంటీ. ఎవరై ఉంటుంది?”

కెరోలిన్‌కు ఆ సంగతి తెలియదు. వింటూనే లేచి తలుపు గడియ సరిచూసింది. “సర్దార్‌కి పిల్లలున్నారు బాబూ. మా తండ్రి జైల్లో పోయినాడని ఆళ్ల కడుపుమంట. ఎల్లకు. నామాట ఇని టికెట్టు కొనుక్కుని ఎల్లిపో.”

అతను ఎన్నో ఊళ్లు ఎంతో సులువుగా వదిలిపెట్టాడు. ఈ ఊరు మాత్రం ఆ శనివారం చూడకుండా వదలడం కుదరదనిపించింది.

శనివారం ఏడింటికే వెళ్లి, రెండు వరసల అవతల ఎవరిదో సమాధి గట్టు మీద కూర్చున్నాడు. ఎనిమిది దాటాక గేటు ముందు క్యాబ్ ఆగింది. దిగినావిడది కాటన్ చీర, భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో కాగితంలో చుట్టిన పూలు. తిన్నగా గోడవారకు నడిచింది. సీసాలో పాత నీళ్లు పారబోసి, తన బాటిల్లో నీళ్లు పోసి, కాడలు ఒక్కొక్కటిగా పెట్టింది. తర్వాత చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. వెతుక్కుంటూ వచ్చిన పగవాళ్లు అలా కూర్చోరని శామ్సన్ అనుకున్నాడు. లేచి దగ్గరికి వెళ్లాడు.

“ఎవరండీ ఇక్కడ?” అని తెలుగులో అడిగాడు.

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. “మా తమ్ముడు.”

“ఇది దయారత్నం గారి అబ్బాయి సమాధి అనుకుంటానండీ.”

“రిజిస్టరులో అలాగే రాశారు. వాళ్లు మా తమ్ముణ్ని తమ బిడ్డ అని చెప్పి తీసుకెళ్లారు.” అని, అంతవరకు చెప్పినందుకే నొచ్చుకున్నట్టు ఆగి, “మీకెందుకు?” అంది.

“మీరు టెక్కలి నుంచా?”

ఆమె లేచి నిలబడింది. ఒక చేత్తో ఫోను తీసింది. రెండడుగులు వెనక్కి వేసి, కాపలా ముసలాయన వినేలా “దాదా, ఏక్‌టూ ఎదికే ఆషున్” అని పిలిచింది. ముసలాయన కర్ర పట్టుకుని నడిచి వస్తున్నాడు.

“టెక్కలి అని మీకు ఎవరు చెప్పారు? ఎవరు మీరు?”

శామ్సన్ ఉన్నచోటనే ఆగిపోయాడు. చేతులు రెండూ కనబడేలా పెట్టుకున్నాడు. “ఈ బిడ్డ పోయింది మార్చిలో అండీ. గవరయ్య గారి అబ్బాయిని తబితా తీసుకెళ్లింది అదే ఏడాది వానల్లో. ఇక్కడున్నది ఆవిడ కన్న కొడుకు. వాడి పేరే రెండో వాడికి పెట్టుకుంది.”

“వాళ్ల చంటివాణ్ని చిన్నా అనేవారు,” అంది ఆమె నెమ్మదిగా, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. “అసలు పేరు నాకు తెలియదు, వాడు పోయిన సంగతీ తెలియదు. నాన్న ఏడాదులు, తేదీలు చెప్పే మనిషి కాదు. పేజీ చూసి, మా తమ్ముడు ఆ వెంటనే పోయాడనీ, ఆవిడ దగ్గర పెరిగింది చిన్నా అనీ, అందుకే ఆవిడ నాన్నకు ముఖం చూపించలేదనీ అనుకున్నాను.” మళ్లీ కళ్లెత్తి గట్టిగా చూసింది. “ఇదంతా మీకెలా తెలుసు?”

“తబితా నన్ను పెంచింది.”

ముసలాయన వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఆమె అతన్ని పొమ్మనలేదు.

“ఆ మాట ఎవరైనా చెప్పొచ్చు. మా నాన్న సర్దార్ మనుషుల గురించి ఎన్ని జాగ్రత్తలు చెప్పేవాడో మీకు తెలియదు.” ఆమె సూటిగా అడిగింది. “తొంభై ఎనిమిది డిసెంబరులో మీరు ఎక్కడున్నారు?”

శామ్సన్ ఆలోచించాడు. “బిట్రగుంట. ఎనిమిదో తరగతి.”

“ఎప్పుడు వదిలారు?”

“సగం పరీక్షలు రాశాక. తెలుగు, హిందీ రాశాను. లెక్కల పరీక్ష మధ్యలో అమ్మ బడికి వచ్చి లేపుకుపోయింది. ఇంటికి కూడా వెళ్లలేదు, తిన్నగా స్టేషనుకే. రైలు కదిలాక అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, పొయ్యి మీద పప్పు మరిచిపోయాను రా అంది.”

ఆమె చేతిలోని ఫోను కిందికి దిగింది.

“మాడిపోయింది,” అంది. “తాళం పగలగొట్టింది పక్కింటివాళ్లు, పొగ వస్తోందని. నేనూ నాన్నా అప్పుడే రిక్షా దిగాం. మా ఊరి రైల్వే గార్డు ఒకాయన బజారులో తబితా గారిని చూసి నాన్నకు చెప్పాడు. ఆవిడ మమ్మల్ని దారిలో చూసే ఉంటుంది. ఆ గదంతా పొగ. నాన్న లోపలికి వెళ్లి, గోడకు మేకుకి ఉన్న చొక్కా ఒకటి తెచ్చుకున్నాడు. నీలం రంగుది, జేబు చిరిగింది.”

“సిరా సీసా పెట్టుకుంటే చిరిగింది,” అన్నాడు శామ్సన్.

ముసలాయనకు తెలుగు రాకపోయినా ఇక తన అవసరం లేదని తెలిసింది. వెళ్లిపోయాడు.

ఆమె పేరు మైథిలి. న్యూ టౌన్‌లో ఒక కంపెనీలో ఇంజినీరు. భర్త నౌకాదళంలో ఉద్యోగి, ఏడాదిలో సగం ఇంట్లో ఉండడు. కోల్‌కతా బదిలీ ఆమె కోరుకుని తెచ్చుకున్నదే. గవరయ్య నాలుగేళ్ల కిందట పోయాడు. కేసు తేలాక డాక్ పని మానేసి టెక్కలిలో చిన్న బడ్డీ నడుపుకున్నాడు. ప్రతి ఏడూ వేసవిలో పది రోజులు బడ్డీ మూసి, ఏదో ఒక రైల్వే ఊరు వెళ్లి మిషన్ హాస్టళ్ల ముందు నిలబడి పిల్లల్ని చూసి వచ్చేవాడు.

“నీ పేరు సూరన్న,” అంది ఆమె ఆ రోజు విడిపోయేముందు. “మా తాత పేరు. మన తాత పేరు.” మళ్లీ వెంటనే, “నమ్ముతున్నాను. అయినా ల్యాబులో పరీక్ష చేయిద్దాం. నా కోసం కాదు, టెక్కలిలో మేనత్త అడుగుతుంది” అంది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఒకే తల్లి, ఒకే తండ్రి. ఈలోగా ఓడ వాళ్లు వేరే వంటవాణ్ని చూసుకున్నారు. మైథిలి పంతొమ్మిదో నంబరుకు రాయి చేయించింది. ఆ పిల్లాడికి పూలు తేవడం అలవాటైంది, మానలేను అంది. రాయి పెట్టిన రోజు కెరోలిన్ వచ్చి ప్రార్థన చేసి, శామ్సన్ భుజం పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

అంతా బాగానే ఉందిగాని, ఒక్క మాట దగ్గర అక్కాతమ్ముళ్లకు కుదిరేది కాదు. ఆదివారాలు శామ్సన్ న్యూ టౌన్ వెళ్లి ఆమె వంటింట్లో వండేవాడు. చేపల పులుసు చేస్తూ ‘అమ్మ ఇలా చేసేది’ అని నోరు జారితే మైథిలి ముఖం బిగుసుకునేది.

“ఆవిడ నిన్ను దాచింది. మొదట్లో సరే. తర్వాత నాన్న ఊరూరా తిరిగాడు. ఆవిడకు తెలుసు. చూసింది కూడా. ఎలా చేయగలిగింది?”

తల్లి మీద శామ్సన్‌కూ కోపం వచ్చింది. రాత్రిళ్లు ఆమెతో మనసులో గొడవపడేవాడు. తెల్లారేసరికి కోపం అలాగే ఉండేది, ప్రేమ కూడా అలాగే ఉండేది. “నేను ఆవిడ తరఫున మాట్లాడను అక్కా. అమ్మ అనకుండా మాత్రం ఉండలేను” అనేవాడు.

రిపోర్టు వచ్చిన ఆదివారం భోజనాలయ్యాక మైథిలి టెక్కలికి ఫోను చేసి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. మేనత్తకు ఎనభై దాటాయి. మైథిలిని పెంచింది ఆమే.

“ఒరే సూరన్నా,” అంది ఆ గొంతు, నిన్ననే మాట్లాడినట్టు. “తిన్నావేటి?”

“తిన్నాను అత్తా.”

“ఏటి పని సేస్తన్నావు?”

“వంట.”

“మంచిదే. నువ్వు పుట్టినప్పుడు నీ బతుకు మీద మాకు ఆశ నేదురా. మీ అమ్మ పోనాది. డబ్బా పాలు నీకు పడీవి కావు, తాగినంతా కక్కీసీవోడివి. ఆ తబితమ్మ తన బిడ్డని ఒక పక్క, నిన్ను ఒక పక్క ఏసుకుని పాలిచ్చినాది. తనోడు పోయినాక నిన్ను ఒదిలితే ఒట్టు. రాత్తిరేళ కూడా మా గదికి పంపీది కాదు. బతికుందేటి?”

“లేదత్తా. రెండేళ్లయింది.”

“అయ్యో,” అంది అత్త. “మీ అయ్యకి శానా కోపం ఉండీది. నాకూ ఉండీది. అయినా ఆ మడిసి నేకపోతే నువ్వు నేవు గదరా. సరే గాని, ఎప్పుడొస్తావు?”

శామ్సన్ మైథిలి వైపు చూశాడు. ఆమె ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. పేర్చినవే మళ్లీ తీసి పేరుస్తోంది. కాసేపటికి చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను దగ్గరికి వంగింది.

“వచ్చే శుక్రవారం బయల్దేరతాం అత్తా. ఇద్దరం,” అంది. “పాలిచ్చిన సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వెప్పుడు అడిగినావే?” అంది అత్త.